దుబాయిలో మా అన్న మారువేషం

విదేశం అనగానే మీకేం గుర్తొస్తుంది? మంచుకొండలు, కోటు వేసుకున్న హీరో, పల్చటి చీరలో చలికి వణుకుతూ నవ్వే హీరోయిన్... అంతేనా? మా కోటగిరి వైపు విదేశమంటే డ్యూయెట్ కాదండీ, డ్యూటీ! నిజామాబాద్ జిల్లాలో ఏ ఊరికెళ్లినా దుబాయికో, మస్కట్‌కో పోయొచ్చిన మనిషి కనిపిస్తాడు. మా అన్న కూడా అలా పోయొచ్చినవాడే.

కిందటి చలికాలం అన్న, అక్క, నేను ముగ్గురమే ఐదు రోజులు దుబాయి చూసొచ్చాం. ముగ్గురివీ యాభైకి అటూ ఇటూ వయసులు. "పిల్లల్ని ఇంట్లో పెట్టి ముసలాళ్లు షికారు పోతున్నారు" అని మా ఇళ్లల్లో ఒకటే నవ్వు! ఆలోచన అక్కది. ముగ్గురం కలిసి సరదాగా ఊరు దాటింది ఒక్కసారే. 1990లో వచ్చిన 'జగదేకవీరుడు అతిలోకసుందరి'ని ఆ చెరుకు సీజన్లో బోధన్‌లో మళ్లీ వేస్తే వెళ్లాం. సినిమా వదిలేసరికి చివరి బస్సు పోయింది. ఫ్యాక్టరీలో చెరుకు దింపి ఖాళీగా వస్తున్న ఎడ్లబండి ఎక్కి, అర్ధరాత్రి ఇల్లు చేరి తిట్లు తిన్నాం.

మరుసటి ఏడే మా బోరు ఎండింది. అప్పులు మిగిలాయి. అన్న బొంబాయి వెళ్లి దుబాయి విమానమెక్కాడు. 2009 దాకా అక్కడే. అక్క పెళ్లి, నా డిగ్రీ, ఇంటి స్లాబు అన్నీ ఆ డబ్బుతోనే. ఉత్తరాలకు బదులు క్యాసెట్లు పంపేవాడు. "అమ్మా, మంచిగున్న. సముద్రం కనవడ్తది" అనేవాడు. బడిలో నా గొప్పలు చూడాలి! మా అన్న రూము కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందని అందరికీ చెప్పాను.

అన్నట్టు, మా బోధన్‌నే ఏకచక్రపురమంటారు. లక్క ఇంటినుంచి తప్పించుకున్న పాండవులు తల్లితో సహా మారువేషాల్లో తలదాచుకున్నదీ, భీముడు బకాసురుణ్ణి చంపిందీ ఇక్కడేనని మా పెద్దల మాట. చిన్నప్పుడు నాకో అనుమానముండేది: పరాయి ఊళ్లో లోకానికి వేషం చూపించిన అన్నదమ్ములు, ఒకరికొకరు కూడా వేషం చూపించుకునేవారా?

దుబాయిలో మొదటి మూడు రోజులూ కామెడీ సీన్లే. ముగ్గురికీ ఒకటే గది. అన్న తెల్లవారుజామున నాలుగింటికి లేచి దుప్పటి మడతపెట్టి కూర్చునేవాడు, బస్సు వస్తుందన్నట్టు! అక్క ప్రతి చాయినీ రూపాయల్లోకి మార్చి గుండె పట్టుకునేది. దేరా నుంచి బర్ దుబాయికి ఒక్క దిర్హమ్‌తో పడవ దాటామని తెలిశాక కాస్త కుదుటపడింది. బంగారు బజారంతా తిరిగి ఉంగరం కూడా కొనలేదు. టాక్సీలో ఉన్నట్టుండి "శ్రీదేవి ప్రాణం పోయింది ఈ ఊళ్లోనే గదా" అంది. నిజమే, 2018 ఫిబ్రవరి 24న. ఆ ఎడ్లబండి మీద మేం దారంతా మాట్లాడుకున్నది ఆమె గురించే. కాసేపు ముగ్గురం మాట్లాడలేదు.

షేక్ జాయెద్ రోడ్డు మీద అన్న వేలు చూపించాడు. "గిది మేం కట్టిందే. గా రెండోది గూడ. ఇనుము కట్టిన." బుర్జ్ ఖలీఫా దగ్గర టికెట్టు తీస్తామంటే వద్దన్నాడు. ఆ 828 మీటర్ల మేడ 2010 జనవరిలో తెరిచేనాటికి ఆయన కోటగిరిలో ఉన్నాడు.

నాలుగో రోజు నేనే పట్టుబట్టాను. "నీ రూము చూపియ్యన్నా, సముద్రం కనబడే రూము!" అన్న మాట దాటేశాడు. నేను వదల్లేదు. చివరికి టాక్సీ సోనాపూర్‌లో ఆగింది. వరసగా కార్మికుల క్యాంపులు, పనివాళ్ల బస్సులు, రెయిలింగుల మీద ఆరేసిన బట్టలు. సముద్రం జాడే లేదు.

"పన్నెండు మందిమి ఒక రూముల" అన్నాడు అన్న. "అమ్మకు చెప్తే ఏడుస్తదని... గని అవద్ధం గాదురా. కట్టే బిల్డింగు మీదికెళ్లి సముద్రం కనవడ్తుండె."

నా నోట మాట రాలేదు. ఎందుకంటే నాన్న పోయాక పొలం పంచుకున్న రోజున, "దుబాయిలో రాజాలా బతికినోడికి ఎక్కువెందుకు?" అన్నది నేనే. అన్న ఆ రోజు మాట్లాడకుండా సంతకం పెట్టాడు. అప్పుడు కూడా వేషం విప్పలేదు!

మర్నాడు అక్క ఎవర్నీ అడక్కుండా మూడు టికెట్లు తీసింది. 124వ అంతస్తు. అద్దం అవతల ఎండలో మెరుస్తూ సముద్రం. అక్క అన్న చెయ్యి పట్టుకుని అద్దం దగ్గరికి లాగింది. "ఇగో అన్నా, నీ కిటికీ!"

అన్న చాలాసేపు చూశాడు. నేను పక్కకి వెళ్లి, "ఆ రోజు పొలం దగ్గర..." అని మొదలుపెట్టాను. పూర్తి చెయ్యనివ్వలేదు.

"సిన్మా అయిపాయె, నడువుండ్రి" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఆఖరి బస్సు పోతే ఈడ ఎడ్లబండి దొర్కది!"