ఎల్బే నది కింద నడక

హాంబర్గ్ వెళ్లినవాళ్లంతా ఎల్బ్‌ఫిల్హార్మొనీ కచేరీ భవనం ఫొటోలే పెడతారు. మేమూ ఎక్కాం, 37 మీటర్ల ఎత్తులో ఉన్న ప్లాజా నుంచి రేవంతా చూశాం. బాగుంది. నా మనసు మాత్రం పాత ఎల్బే సొరంగంలోనే ఉండిపోయింది.

1911లో తెరిచారు దాన్ని, అవతలి ఒడ్డున ఓడలు కట్టే యార్డుల్లో పనిచేసే కార్మికులు నది దాటడానికి. 24 మీటర్లు కిందికి దిగి, 426 మీటర్లు నడవాలి. నడిచేవాళ్లకు టికెట్ లేదు. గోడల పొడుగునా చేపలు, పీతలు తీర్చిన పింగాణీ పలకలు! డ్యూటీకి పరుగెత్తే కూలీల దారిని ఇంత అందంగా కట్టాలని వందేళ్ల కిందట ఎవరికో అనిపించింది చూడండి. నాకు గొంతు పట్టేసింది. మాతో వచ్చిన వైజాగ్ అమ్మాయి వాళ్ల తాతయ్య షిప్‌యార్డులో వెల్డరట. ఒక్కో పలకనీ చేత్తో తడుముతూ నడిచింది.

పైకొచ్చాక స్పైకర్‌స్టాట్ గోదాముల మధ్య తిరిగాం. కాఫీ, సుగంధ ద్రవ్యాలు, తివాచీలు నిలవచేసిన ఎర్ర ఇటుకల గోదాములవి. 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి.

జర్మనీలో చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఖరీదైన హార్బర్ టూర్ వద్దు. లాండుంగ్స్‌బ్రూకెన్‌ రేవులో 62వ నంబరు ఫెర్రీ ఎక్కండి. డాయిచ్‌లాండ్ టికెట్ చెల్లుతుంది. పై డెక్‌లో కూర్చోండి, స్వెటర్ మర్చిపోకండి.