కుండను తొందర పెట్టద్దు

 

పోస్టు కొంచెం పొడుగే. ఓపికతో చదవండి, విషయం కూడా ఓపిక గురించే.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న కొంతమందిమి ఈ మధ్య యూట్యూబ్‌లో ఇంట్లో బీరు చేసుకునే వీడియోలు చూసినం. విదేశాలలో అది పెద్ద హాబీ. పుస్తకాలు, క్లబ్బులు, పోటీలు ఉన్నయి. కొత్తగా మొదలుపెట్టినోళ్లు అడిగే ప్రశ్నలు మాత్రం ఎప్పుడూ అవే. రెండో రోజు కూడా నురగ రాలేదు, చెడిపోయిందా? మూత తీసి చూడొచ్చా? అయిపోయిందని ఎట్ల తెలుస్తది?

ఆ ప్రశ్నలు విని మాకు మన ఊర్లలోని అవ్వలు గుర్తొచ్చిన్రు. ఇప్పపువ్వు కుండ గురించి ఈ మూడింటికీ వాళ్ల దగ్గర జవాబులున్నయి. కానీ వాళ్లను ఎవరూ అడుగరు. అడిగినా వాళ్లు చెప్పడానికి భయపడ్తరు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున ఇప్పపువ్వు రాలుతది. ఎండ ఎక్కకముందే ఏరి, ఆరబెడ్తరు. ఎండిన పువ్వులో దాదాపు సగం చక్కెరే. దాన్ని నీళ్లలో నానేస్తే, పువ్వు మీద, కుండ గోడల్లో ఉండే ఈస్ట్ ఆ చక్కెరను తినడం మొదలుపెడ్తది. చక్కెర తిని అది రెండు వస్తువులు వదుల్తది, ఒకటి ఆల్కహాల్, రెండోది కార్బన్ డయాక్సైడ్. లెక్క ప్రకారం 180 గ్రాముల గ్లూకోజ్ పూర్తిగా పులిస్తే 92 గ్రాముల ఆల్కహాల్, 88 గ్రాముల వాయువు వస్తయి. కుండలో వినిపించే చిటపట ఆ వాయువుదే. అవ్వ కుండకు చెవి పెట్టి వింటది చూడండి, ఆమె వినేది దాన్నే.

ఇప్పుడు ఆ మూడు ప్రశ్నలు చూద్దాం.

నురగ రాలేదంటే కంగారు పడనక్కర లేదు. ఈస్ట్ ముందు తన సంఖ్య పెంచుకుంటది, తర్వాతనే పని చూపిస్తది. ఒకరోజు, ఒక్కోసారి రెండు రోజులు పడ్తది. చలికాలంలో ఇంకా ఆలస్యం. ఎండాకాలంలో మాత్రం సమస్య తిరగబడ్తది. మామూలు ఏల్ రకం బీరు ఈస్ట్‌కు 18 నుంచి 22 డిగ్రీల వేడి బాగుంటదని చెప్తరు. మన దగ్గర మే నెలలో 42, 43 డిగ్రీలు. వేడి పెరిగితే ఈస్ట్ పరుగెత్తి పని చేస్తది, కానీ గొంతులో మండే ఘాటు పదార్థాలు కూడా ఎక్కువ తయారైతయి. కుండను నీడలో, చల్లటి మూలకు పెట్టి, చుట్టూ తడి గోనెసంచి కప్పే పద్ధతి వెనుక కారణం ఇదే. తడి ఆరేటప్పుడు వేడి లాక్కుపోతది.

మూత మాటిమాటికీ తీయద్దు. తీసినప్పుడల్లా గాలి పోతది, గాలితో పాటు కల్లును పుల్లగా చేసే బ్యాక్టీరియా పోతది. అది ఆల్కహాల్‌ను వెనిగర్‌గా మారుస్తది. అట్లని గట్టిగా బిగించి పెట్టినా ప్రమాదమే, వాయువు బయటికి పోయే దారి లేకపోతే సీసా పగుల్తది. అందుకే కుండ మూతికి గుడ్డ కడ్తరు. బీరు చేసేటోళ్లు ఎయిర్‌లాక్ అనే చిన్న గొట్టం పెడ్తరు. వాయువు బయటికి పోతది, గాలి లోపలికి రాదు. గుడ్డ అంత గట్టి కాపలా కాదు, కానీ ఈగను, దుమ్మును ఆపుతది.

అయిపోయిందని తెలుసుకోవడానికి వాళ్ల దగ్గర హైడ్రోమీటర్ ఉంటది. చక్కెర తగ్గినకొద్దీ అంకె తగ్గుతది. 1.050 దగ్గర మొదలై 1.010కి వచ్చి, రెండు మూడు రోజులు అక్కడే నిలిచిందంటే పని అయిపోయినట్టు. అవ్వ దగ్గర నాలుక, ముక్కు, చెవి ఉంటయి. తీపి పోవాలి, చిటపట తగ్గాలి, నురగ కూర్చోవాలి. ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి బయాలజీలో సూక్ష్మజీవుల పాఠంలో కల్లు పేరు కూడా ఉంటది. మనం పరీక్షకు సాకరోమైసిస్ సెరివిసియే అని బట్టీ పట్టినం. 1883లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ స్వచ్ఛమైన ఈస్ట్‌ను వేరు చేసిండు. అంతకుముందు చాలాచోట్ల పాత కుండ అడుగును కొత్త కుండలో కలిపే పద్ధతి ఉండేది.

మరి ఇంత తెలిసిన చేతులకు చెడ్డపేరు ఎందుకొచ్చింది? మా మాట ఏందంటే, కుండను తొందరపెట్టడంతో వచ్చింది. ఇంటికి, పండుగకు, దేవతకు సరిపోను చేసుకున్నన్ని రోజులు కుండ దాని టైమ్ అది తీసుకుంది. అమ్మకానికి దిగినంక నల్లబెల్లం, పటిక వచ్చినయి. తొందరగా పులవాలని, ఘాటు రావాలని నవసాగరం, యూరియా దాకా పోయినోళ్లున్నరు. అది ఇప్పపువ్వు సారా కాదు, గుడుంబా. మన తండాల్లో, గూడేల్లో ఎన్ని ఇండ్లల్లో చిన్న వయసుకే మగదిక్కు పోయిందో మనందరికీ తెలుసు. పేపర్లో కల్తీసారా చావులని చదివితే చాలాసార్లు అక్కడ ఫ్యాక్టరీల నుంచి వచ్చిన మిథైల్ ఆల్కహాల్ ఉంటది. కొన్ని మిల్లీలీటర్లు చాలు, చూపు పోతది. దాన్ని నాలుకతో, ముక్కుతో పట్టుకోలేం.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలె. ఉమ్మడి రాష్ట్రంలో 1993 అక్టోబర్ 1 నుంచి సారా బంద్. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లు మొదలుపెట్టిన పోరాట ఫలితం అది, దాన్ని తక్కువ చేయద్దు. లైసెన్సు లేకుండా సారా కాయడం ఇప్పటికీ నేరమే. అందుకే ఈ పోస్టు చదివి ఎవరూ బట్టీ పెట్టద్దు. మేము చెప్పేది తయారీ గురించి కాదు, తెలివి గురించి.

కానీ ఇంకో మాట కూడా చరిత్రలో ఉంది. 1879లో గోదావరి ఏజెన్సీలో రంప తిరుగుబాటు రావడానికి ఒక ముఖ్య కారణం, ఇంటి అవసరానికి కల్లు గీసుకునే హక్కును తీసేసి దాని మీద పన్ను వేయడం. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు ఉండాలని చెప్తది. అంటే ఎంత, ఎప్పుడు, ఎవరికి అనే ప్రశ్న మన గ్రామసభలో కూర్చొని మాట్లాడుకోవాల్సినది. అమెరికాలో కూడా 1978లో చట్టం మార్చిన తర్వాతనే ఇంట్లో బీరు చేసుకునుడు కేంద్ర చట్టం కింద నేరం కాకుండా పోయింది. హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీలో గ్లాసు బీరు తాగితే అభిరుచి అంటరు. అవ్వ కుండను మాత్రం అదే నోటితో తాగుబోతుతనం అంటరు. ఈ తేడా గురించి మనం మాట్లాడకపోతే ఎవరు మాట్లాడ్తరు?

ఇంత చెప్పి తాగమంటున్నరా అని అడగద్దు. కాదు. తాగుడుతో కూలిన ఇండ్ల పిల్లలం మాలో కూడా ఉన్నరు. ఇప్పపువ్వుకు తాగడం ఒక్కటే దారి కాదు. ఉట్నూరు దగ్గర ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేస్తున్నరు. మేడారంలో తల్లులకు బెల్లాన్ని బంగారం అని ఎత్తుకపోతం. అదే బెల్లం తండాలో గుడుంబా కుండలోకి పోతే విషం అయితది. తేడా పదార్థంలో లేదు, మనిషి తొందరలో, ఆశలో ఉంది.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక పని చేద్దాం. ఫోన్ రికార్డర్ ఆన్ చేసి అవ్వను అడుగుదాం. పువ్వు ఎప్పుడు ఏరాలి, ఎన్ని రోజులు ఆరబెట్టాలి, పులిసింది చెడిపోయిందని వాసనతో ఎట్ల పడ్తవు, పాతరోజుల్లో ఏ పండుగకు ఎంత పోసేటోళ్లు, పిల్లలకు ఎందుకు పోయకపోయేది. కోయలో, గోర్ బోలిలో ఏ పదాలు చెప్తే ఆ పదాలే రాసుకుందాం. పేరు, ఊరు పెట్టద్దు, వాళ్లకు ఇబ్బంది కావద్దు. బోటనీ, మైక్రోబయాలజీ చదివేటోళ్లు ఆ రాతలను పాఠంతో పోల్చి చూడండి, సీజన్ అయిపోయేలోపు కామెంట్లలో పెట్టండి.

ఆ ముసలోళ్లు పోతే ఈ లెక్క కూడా పోతది. తర్వాత మన తెలివిని ఇంకెవరో సీసాలో పోసి మనకే అమ్ముతరు.

జోహార్.