ఫిట్టరెవరు?

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. ఓ సర్కారు హైస్కూల్లో కంప్యూటర్ గది పెట్టాలంటే ఎంతవుతుంది? 2018లో మొదలైన సమగ్ర శిక్షా పథకంలో కేంద్రం వేసుకున్న లెక్క ఇదీ... కంప్యూటర్లూ ఇతర సామగ్రీ కొనడానికి ఒక్కో బడికి గరిష్ఠంగా 6.40 లక్షల రూపాయలు. ఆ తర్వాత వాటిని నడపడానికి ఏడాదికి గరిష్ఠంగా 2.40 లక్షలు, అయిదేళ్లపాటు. కూడి చూడండి. కొనడానికి ఆరున్నర లక్షల లోపే. నడపడానికి పన్నెండు లక్షలు. అంటే నడిపే ఖర్చు కొనే ఖర్చుకి దాదాపు రెట్టింపన్నమాట!

ఈ లెక్కలో తప్పేమీ లేదు. కరెంటు, నెట్టు, నేర్పేవాళ్ల జీతం, రిపేర్లు అన్నీ చేరితే అంతే అవుతుంది. చిక్కల్లా ఏమిటంటే, మొదటి అంకెకే పేపర్లో చోటు దొరుకుతుంది. కంప్యూటర్లొచ్చిన రోజు రిబ్బన్ కత్తిరిస్తారు, ఫొటో దిగుతారు. పాడైన మౌస్ మార్చిన రోజున ఎవరూ ఫొటో దిగరు. పత్రికలో పనిచేస్తున్నదాన్ని కాబట్టి ఆ సంగతి నాకు బాగానే తెలుసు.

కానీ నిజానికి చదువు ఆధారపడేది ఆ రెండో అంకె మీదే. ఇది నాకు ఏ నివేదికలో చదివితేనో తెలిసింది కాదు. మా ఊరు నేర్పింది.

ఇంజను వెనకాల ఊరు

మాది బిట్రగుంట. నెల్లూరుకీ కావలికీ మధ్య రైల్వేస్టేషను. ఇటు కొండబిట్రగుంట వెంకన్న, అటు జువ్వలదిన్నె సముద్రం. ఈ తరానికి అదో చిన్న స్టేషనే కానీ, బొగ్గు ఇంజన్ల కాలంలో బిట్రగుంటంటే లోకోషెడ్డు. రైల్వే ఉద్యోగుల క్వార్టర్లు, డ్యూటీ మారే వేళల్లో సందడి... ఊరి గడియారమంతా షెడ్డు చుట్టూనే తిరిగేది. తాతయ్య ఆ షెడ్డులో ఫిట్టరు. 1980 ప్రాంతంలో ఈ మార్గానికి కరెంటు తీగలొచ్చాక షెడ్డు వెలవెలబోయింది. తాతయ్య మాటల్లో మాత్రం అది చివరిదాకా పొగలు కక్కుతూనే ఉంది.

ఒక ఇంజను కదలాలంటే ఎన్ని కావాలో ఆయన వేళ్లు మడిచి చెప్పేవాడు. బొగ్గు కుప్ప. నీళ్ల ట్యాంకు. బూడిద దులపడానికి గొయ్యి. ఇంజన్ని వెనక్కి తిప్పడానికి చక్రంలా తిరిగే వేదిక. పది పదిహేను రోజులకోసారి బాయిలరు కడగడానికి మనుషులు. డ్రైవరు, ఫైర్‌మన్, కళాసీలు, ఫిట్టర్లు. ‘‘ఇంజన్ని కొనుక్కొచ్చి పట్టాల మీద నిలబెడితే పోతుందా పాపా? దాని ఎనకాల ఎంతమంది చాకిరీ చెయ్యాల!’’ అనేవాడు.

రైల్వేవాళ్లు ఇంజను కొన్నాక షెడ్డు సంగతి ఆలోచిద్దామనుకోలేదు. నీళ్లెక్కడ పడతాయి, బొగ్గెక్కడ దించాలి, మనుషులెక్కడ ఉండాలి అన్నవన్నీ ముందే చూసుకున్నారు. అలా చూసుకోబట్టే మాలాంటి ఊళ్లు వెలిశాయి.

తాళం పడిన గది

నేను ఎనిమిదో తరగతిలోకి వచ్చింది 2008లో. సరిగ్గా ఆ ఏడాదే ఉమ్మడి రాష్ట్రంలో 5,000 సర్కారు హైస్కూళ్లకు కంప్యూటర్ విద్య పథకం మొదలైంది. ప్రైవేటు సంస్థలు తమ డబ్బుతో కంప్యూటర్లు పెట్టి, పాఠం చెప్పే మనుషుల్నీ ఇచ్చి, అయిదేళ్లు నడిపి ఆ తర్వాత బడికి అప్పగించాలి. ప్రభుత్వం విడతలవారీగా చెల్లించాలి. ఇదీ ఒప్పందం. కాగితం మీద చూస్తే మంచి ఏర్పాటే. కొన్న రోజుకే కాకుండా అయిదేళ్ల నిర్వహణకూ ఒకరిని బాధ్యుల్ని చేశారు కదా!

కంప్యూటర్లు దిగిన రోజు ఇంటికి పరిగెత్తుకెళ్లి తాతయ్యకి గొప్పగా చెప్పాను. ఆయన అంతా విని ఒకటే అడిగాడు.

‘‘ఫిట్టరెవురు?’’

నాకు నవ్వొచ్చింది. కంప్యూటర్లకి ఫిట్టరేంటి తాతయ్యా అన్నాను.

మా బళ్లో కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్లాలి. గుళ్లోకి వెళ్లినట్టే ఉండేది. ఒక్కో కంప్యూటరు ముందు నలుగురైదుగురం. మౌసు పట్టుకునే వంతు రావడమే పండగ. పెయింట్‌లో ఇల్లు, కొబ్బరిచెట్టు, మధ్యలో సూర్యుడు... వారానికి ఒకటో రెండో పీరియడ్లు. ఆ పీరియడ్‌కి కరెంటు ఉంటే అదృష్టం. జనరేటరు ఉండేది. డీజిల్ ఎవరు పోయించాలన్నది మాత్రం ఎప్పటికీ తేలేది కాదు. కంప్యూటర్ సార్ డిగ్రీ చదివిన కుర్రాడు, కాంట్రాక్టు ఉద్యోగి. రోజూ సైకిల్ మీద వచ్చేవాడు. జీతం చాలదు, అదీ నెలనెలా రాదు. అయినా మాకు టైపింగ్ నేర్పాడు, ఎక్సెల్‌లో మార్కుల పట్టిక వేయించాడు. ఆ పట్టికలో నా పేరు చూసుకుని మురిసిపోయిన రోజు ఇప్పటికీ గుర్తే.

తర్వాత ఒక్కో కంప్యూటరూ మూగబోయింది. సముద్రగాలి తగిలే ఊళ్లలో ఇనుపవస్తువులకు తొందరగా తుప్పు పడుతుంది కదా... వైర్ల కొసలకీ అదే తెగులు. కొన్ని బాగయ్యాయి, చాలావరకు కాలేదు. 2013లో ఒప్పందం గడువు తీరింది. సార్ వెళ్లిపోయాడు. అప్పటికి నేను కాలేజీలో ఉన్నాను. మా చెల్లి అదే బళ్లో తొమ్మిదో తరగతి. ‘‘కంప్యూటర్ గదా? అది స్టోర్‌రూమ్ కదక్కా’’ అంది.

నా చదువుకీ దాని చదువుకీ మధ్య అయిదేళ్లే తేడా. ఆ గదిలో నేను పెయింట్ నేర్చుకున్నాను. అది పాత బెంచీలు చూసింది. అదే ఊరు, అదే బడి, అవే కంప్యూటర్లు. అప్పుడర్థమైంది తాతయ్య ఏమడిగాడో!

ఇది మా ఒక్క బడి కథే అయితే ఇక్కడ రాయాల్సిన పని లేదు. దేశంలో 1984లోనే ‘క్లాస్’ పేరుతో కేంద్రం బడుల్లోకి బీబీసీ మైక్రో కంప్యూటర్లు పంపింది. 2004లో ‘ఐసీటీ ఎట్ స్కూల్స్’ వచ్చింది. 2010లో దాన్నే మార్చి మళ్లీ తెచ్చారు. అప్పుడు కూడా కొనడానికి 6.40 లక్షలు, నడపడానికి ఏడాదికి 2.70 లక్షలు అని రాసుకున్నారు. ఇన్ని పథకాల తర్వాత 2023-24లో కేంద్ర విద్యాశాఖ యూడైస్ లెక్కలు తీస్తే, దేశంలో పనిచేసే కంప్యూటర్లున్న బడులు 57 శాతం, ఇంటర్నెట్ ఉన్నవి 54 శాతం. నలభై ఏళ్ల ప్రయాణం తర్వాత సగం దాటామంతే.

పెట్టె మారింది... ప్రశ్న మారలేదు

ఈ మధ్య సర్కారు బళ్లు నిజంగానే మారాయి. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన ‘మన బడి నాడు-నేడు’ తొలి విడతలోనే 15 వేలకు పైగా బళ్లకు కొత్త రూపు వచ్చింది. 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చారు. టీచర్లతో కలిపి అయిదు లక్షలకు పైగా! 2023లో హైస్కూలు తరగతి గదుల్లోకి ముప్పై వేల దాకా ఇంటరాక్టివ్ ప్యానెళ్లు వచ్చాయి. నల్లబల్ల ఉన్నచోట ఇంతెత్తు తెర. గుండె ఎలా కొట్టుకుంటుందో ఆ తెర మీద చూసిన పిల్ల కళ్లు చూస్తే, దండగ ఖర్చు అని ఎవరూ అనలేరు. నేనూ అనను.

కానీ ట్యాబుల్లో పాఠాలు నింపిన బైజూస్ సంస్థ మీద 2024లో దివాలా ప్రక్రియ మొదలైంది. అదే ఏడాది రాష్ట్రంలో ప్రభుత్వమూ మారింది. ఎవరిది తప్పు అన్నది వేరే చర్చ. బడి వైపు నుంచి చూస్తే మాత్రం విషయం సూటిగానే ఉంది. పెట్టె పిల్లాడి చేతిలో ఉంటుంది, పాఠం ఇంకెవరి చేతిలోనో ఉంటుంది. కంపెనీలకు ఆయుష్షు ఉంటుంది, ప్రభుత్వాలకు గడువు ఉంటుంది. ఆరో తరగతిలో చేరిన పాప పది పూర్తిచేయడానికి మాత్రం అయిదేళ్లు కచ్చితంగా కావాలి. ఆ అయిదేళ్లకూ భరోసా ఉండేలా పథకం వేయాలి కదా!

మరి రోజువారీ ఖర్చు ఎక్కణ్నుంచి? సమగ్ర శిక్షాలో బడికి ఏటా ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. వంద దాటి రెండొందల యాభై లోపు పిల్లలుంటే 50 వేలు. సుద్దముక్కలు, చీపుళ్లు, చిన్నాచితకా మరమ్మతులు, రిజిస్టర్లు... అన్నిటికీ అందులోంచే తీయాలి. కావలి దగ్గర ఓ హైస్కూలు ప్రధానోపాధ్యాయురాలు నాతో అన్న మాట: ‘‘ప్యానెల్ ఇచ్చారమ్మా, సంతోషం. నెట్ రీఛార్జి నా ఫోన్ నుంచే.’’ ఏనుగును కొని అంకుశం దగ్గర వెనకాడినట్టు కదూ!

కేరళ ఈ చిక్కుముడిని ఇంకోలా విప్పుకుంది. అక్కడ ‘ఐటీ ఎట్ స్కూల్’ 2001లో మొదలైంది. వాళ్లు ముందుగా యంత్రాల మీద కాదు, సొంత టీచర్ల మీద దృష్టి పెట్టారు. ప్రతి బడిలో ఐటీ బాధ్యత చూసే టీచరుంటారు. లైసెన్సు రుసుము అక్కర్లేని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌నే వాడారు కాబట్టి ఏ కంపెనీ మూతపడ్డా పాఠం ఆగదు. 2018 తర్వాత 45 వేల తరగతి గదుల్ని హైటెక్ చేసినప్పుడు యంత్రాలకు అయిదేళ్ల వారంటీ రాయించుకున్నారు. ‘లిటిల్ కైట్స్’ పేరుతో పిల్లల బృందాలు తయారుచేశారు. చిన్నచిన్న సమస్యలొస్తే ఆ పిల్లలే సరిచేస్తారు. అంటే ఫిట్టర్లు బడిలోనే తయారవుతున్నారన్నమాట!

మరోవైపు దక్షిణ అమెరికాలోని పెరూ దేశం పిల్లలకు ఎనిమిది లక్షలకు పైగా ల్యాప్‌టాప్‌లు పంచింది. 319 పల్లె బడుల్లో పరిశీలించిన అధ్యయనం ఒకటి 2012లో వచ్చింది. లెక్కల్లోగానీ భాషలోగానీ మార్కులు పెరిగినట్టు ఆధారమే దొరకలేదు. పెట్టె ఇచ్చి పక్కకు తప్పుకుంటే అంతే మరి.

అడిగే హక్కు మనదే

‘ఇవన్నీ పెద్దవాళ్లు చూసుకునే విషయాలు, మనమేం చేస్తాం’ అనుకుంటున్నారా? అక్కడే పొరపాటు. బడి నిర్వహణ ఖర్చులో మన వాటా నేరుగానే ఉంది. అమ్మఒడి ఉన్నప్పుడు పదిహేను వేలలోంచి మరుగుదొడ్ల నిర్వహణకు వెయ్యి, బడి నిర్వహణకు వెయ్యి పట్టుకున్నారు. 2025 జూన్‌లో తల్లికి వందనం సొమ్ము 13 వేలు తల్లుల ఖాతాల్లో పడింది. మిగతా రెండు వేలు నిర్వహణకే. ఒక ఇంటికి రెండు వేలు చిన్న మొత్తమే కావచ్చు. రెండొందల మంది పిల్లలున్న బడికి లెక్క కట్టండి... నాలుగు లక్షలు!

అంతేకాదు, విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లుండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాసేది ఆ కమిటీయే. అంటే చట్టం కలాన్ని అమ్మల చేతిలో పెట్టింది. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. అలాంటి రోజున ముగ్గులు, ఆటలు, భోజనాలు చూసుకుని వచ్చేయకుండా, నాలుగు ప్రశ్నలు వేస్తే ఎంత బాగుంటుంది!

కంప్యూటర్ గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది? వారానికి ఎన్ని పీరియడ్లు తెరుస్తున్నారు? నెట్ బిల్లు ఎవరు కడుతున్నారు? వారంటీ ఎప్పటిదాకా, అది తీరాక ఎవరొచ్చి బాగుచేస్తారు? ఇవి అడగడానికి కంప్యూటర్ రావక్కర్లేదు. ఇంట్లో ఫ్రిజ్ కొనేటప్పుడు షాపువాణ్ని మనం అడిగేవే కదా!

జవాబులు మినిట్స్ పుస్తకంలో రాయించండి. మరమ్మతుకు ఫోన్ చేయాల్సిన నంబరును గది తలుపు మీద పెద్దక్షరాలతో రాయించండి. ఏడాదికోసారి అది మోగుతోందో లేదో చూడండి. మీ బడికి ఈసారి ఏ కొత్త పెట్టె వచ్చినా సరే, కొబ్బరికాయ కొట్టే ముందే ఈ పని జరిగిపోవాలి. కాయ కొట్టేశాక అందరూ ఫొటోకి నిలబడతారు, ఆ తర్వాత అడుగుదామంటే ఎవరూ దొరకరు.