వేట తుపాకీ పోరుబాట

నేరేడుచర్ల దాటి పాలకీడు దారి పడితే కనుచూపు మేర వరిచేలే. సాగర్ ఎడమ కాలువ చలవ అది. జాన్‌పహాడ్ దర్గా ఈ మండలంలోనిదే.

ఈ పచ్చదనానికి ముందు, 1946-51 మధ్య, ఉమ్మడి నల్లగొండ పల్లెలు తుపాకీ పట్టాయి. చాలామందికి దొరికింది వేటకు వాడే భర్మారే. భర్ అంటే నింపు, మార్ అంటే కొట్టు. గొట్టం మూతిలో మందు పోసి, పీచు కూరి, ఇనుప చువ్వతో దట్టించి, గుండు వేసి, మళ్లీ దట్టించాలి. ఒక్కసారి పేలిందా, పని మళ్లీ మొదటికే!

ఎదుట నిజాం పోలీసుల చేతుల్లో తూటాల రైఫిళ్లు. భర్మారు నింపే ఆ కాసేపట్లోనే ప్రాణం ఉండాలి, లేదా పోవాలి. ఆ కాసేపు కాచింది పక్కవాడి వడిసెల రాళ్లే. ఒంటరిగా భర్మారుతో పోరాడలేరు. ఊరంతా వెంట నిలవాల్సిందే.

1972 వన్యప్రాణి చట్టంతో వేటకూ కాలం చెల్లింది. ఆ ఊళ్లు మాత్రం చూడదగ్గవే.