వినవలసిన తావు చెప్పి పంచుడు

ఇంగ్లండులోని ఈ బ్రాక్‌నెల్ పట్టణమున వెలసిన సౌత్ హిల్ పార్కు సౌధము 1973లో కళాకేంద్రమై, ఆ మీదట జాజ్ ఉత్సవములకు ప్రసిద్ధిగాంచినదని ఎరిగిననాటినుండి ఆ సంగీతముపట్ల నాకు మక్కువ హెచ్చినది.

మా కర్ణాటక సంగీతాభ్యాసకుల వాట్సాప్ బృందమున ప్రియమైన రికార్డింగులు పంచుకొనుట పరిపాటి. కాని లింకు మాత్రము పంపి ఊరకుండుట, విస్తరి వేసి వడ్డింపక వెడలిపోవుట వంటిది. ఏ మలుపున మనస్సు చిక్కుకొన్నదో చెప్పినప్పుడే అది విద్యాదానమగును.

ఉదాహరణకు, జాజ్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ 1959 నాటి ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఆల్బమందలి ‘సో వాట్’ వినుడు. పాల్ చేంబర్స్ బాస్ తంత్రులపై పల్లవి పలుకగా, మొదట పియానోయు, పిదప ఊదువాద్యములును రెండేసి స్వరగుచ్ఛములతో ఊకొట్టగా, నాలుగేసి మాత్రల ఆవర్తములు 16 డోరియన్ అను పాశ్చాత్య స్వరక్రమమున నడచి, 8 అర్ధస్వరము పైకెక్కి, తుది 8 మరల దిగివచ్చును. ఆ స్వరములు మన ఖరహరప్రియవే. కావున త్యాగరాజ కీర్తనలు సాధనచేసిన చెవికి అవి పరాయివి కావు. ఐనను ఆ రాగమునకు ప్రాణమైన గాంధార నిషాద గమకములు అచ్చట లేవు. పైగా ఆధారషడ్జమే నడుమ కదలుట మన కచేరీలో ఊహింపరానిది. ఈ సామ్యభేదములు రెండును ఒక్కసారి చెవినబడుటయే నాకు కలిగిన లాభము.

మిత్రులారా, మీరును ఒక్క రికార్డింగునే పంపుడు. ఏ నిమిషమున చెవియొగ్గవలెనో తప్పక తెలుపుడు.