నానా చెవులు, భాంజా మీటర్

మొన్న బక్రీద్‌కు మా భాంజా హైదరాబాద్ నుంచి గట్టుకు వచ్చాడు. ఇంజనీరింగ్ కాలేజీ దోస్తులతో కలిసి తయారుచేసిన గో-కార్ట్‌ను డీసీఎంలో వేసుకొచ్చాడు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ రేస్ జరిగినప్పటి నుంచి వాడికి ఇదే షౌఖ్.

నేలకు ఆనేంత కిందగా ఒక చట్రం, నాలుగు చిన్న చక్రాలు, వెనక ఒకే సిలిండర్ పెట్రోల్ ఇంజన్. స్టీరింగ్ మీద ఆన్‌లైన్‌లో తెప్పించిన ఆర్‌పీఎం మీటర్. పరేషానీ అంతా ఆ మీటర్‌తోనే. ఖాళీగా తిరిగేటప్పుడు ఇంజన్ నిమిషానికి 1400 చుట్లు తిరగాలి. మీటర్ 2800 చూపిస్తోంది. స్క్రూ తిప్పి తగ్గిస్తే ఇంజన్ ఆగిపోతోంది. రేస్ ఇస్తే 7200, ఉన్నట్టుండి 11000! గవర్నర్ దాన్ని 3600 దగ్గరే ఆపాలట.

"గవర్నర్ ఖరాబైంది మామూ, విప్పాల్సిందే" అంటూ స్పానర్ తీశాడు.

పక్కనే మంచం మీద మా అబ్బా. నలభై ఏళ్లు ఆయిల్ ఇంజన్లు, ట్రాక్టర్లు బాగుచేసిన ఉస్తాద్. స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని రోగమేమిటో చెప్పేవారు. ఆ చప్పుళ్లే ఆయన చెవుల్ని తినేశాయి. మూడేళ్ల కింద దుకాణం మూయించింది నేనే. "మీకు వినపడట్లేదు. ఎవరి వేళ్లన్నా తెగితే జిమ్మేదారీ ఎవరిది?" అన్నాను. అబ్బా ఖామోష్‌గా తాళంచెవి నా చేతిలో పెట్టారు.

ఇప్పుడు ఆయన లేచి వచ్చి, చట్రం మీద అరచెయ్యి ఆనించారు. "గవర్నర్ జోలికి పోకు బేటా. ఇది పదిహేను వందలు దాటట్లేదు."

వాడు నవ్వాడు. "నానా, పక్కన నిలబడి పిలిస్తేనే మీకు వినపడదు. ఇంజన్ స్పీడ్ తెలుస్తుందా?"

బద్తమీజీ చేయాలని అనలేదు వాడు. కానీ అబ్బా ముఖం చిన్నబోయింది. నేను వాణ్ని గద్దించాల్సింది. ఏ నోటితో గద్దించను? ఆ మాట ముందు అన్నది నేనే కదా.

మగ్‌రిబ్ నమాజ్ అయ్యాక అబ్బా దుకాణం తాళంచెవి అడిగారు. లోపల పాత చోక్ ట్యూబ్‌లైట్ ఒకటుంది. బండిని దాని కిందికి నెట్టించారు. షాఫ్ట్‌తో పాటు తిరిగే క్లచ్ ముక్క మీద సుద్దతో ఒకే ఒక గీత గీశారు. ఇంజన్ స్టార్ట్ చేయించి, స్క్రూ పిసరంత పిసరంత తిప్పమన్నారు. ఒకచోట గీత కదలకుండా నిలబడిపోయింది. అదీ ఒక్కటి కాదు, నాలుగు గీతలు, ప్లస్ గుర్తులాగా.

"మన కరెంటుకు ఈ ట్యూబ్ సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది. ఒక్క చుట్టులో నాలుగుసార్లు గీత కనపడిందంటే సెకనుకు 25 చుట్లు. నిమిషానికి హిసాబ్ చెయ్యి" అన్నారు.

"1500" అన్నాడు వాడు, గొంతు తగ్గించి.

"మూడు వేలయితే రెండే గీతలు కనపడేవి. నీ మీటర్ ఎంతంటోంది?"

3000. సరిగ్గా రెండింతలు.

అప్పుడు వాడికి లైట్ వెలిగింది. మీటర్ చుట్లను లెక్కపెట్టదు, ప్లగ్ తీగలో స్పార్కులను లెక్కపెడుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌కు రెండు చుట్లకు ఒక స్పార్క్ చాలు కాబట్టి వాడు మీటర్‌ను అలాగే సెట్ చేశాడు. కానీ ఈ ఇంజన్‌లో అయస్కాంతం ఫ్లైవీల్ మీదే ఉంటుంది. ప్రతి చుట్టుకూ స్పార్క్ కొడుతుంది, పొగ బయటికి పోయేటప్పుడు కొట్టేది దండగ. సెట్టింగ్ మార్చగానే 1500 చూపించింది. ప్లగ్ తీగకు మీటర్ వైరును పది చుట్లు బిగించి చుట్టాడు. దాన్ని నాలుగు చుట్లకు తగ్గించి, మిగతా వైరును దూరంగా తీసుకెళ్లాక ఆ 11000 గంతులూ ఆగాయి. ఫుల్ రేస్‌లో 3600 దగ్గర నిలిచింది. గవర్నర్ బేఖసూర్.

మీటర్ ఝూట్ చెప్పలేదు. లెక్కపెట్టమన్నదే లెక్కపెట్టింది, దాన్ని ఎలా చదవాలో మేమే తప్పు చెప్పాం. అబ్బా చెవుల రిపోర్ట్‌తో నేను చేసిందీ అదే. ఆయనకు ఎంత వినపడుతుందో ఆ కాగితంలో ఉంది. ఆయనకు ఎంత తెలుసో అందులో లేదు.

భాంజా నానా చేతులు పట్టుకుని మాఫీ అడిగాడు. అబ్బా "క్యా?" అన్నారు. వాడు ఇంకోసారి, గట్టిగా, వీధి వినేలా అడగాల్సి వచ్చింది. అందరం నవ్వాం.

దుకాణానికి తాళం వేసి, చెవి నాకివ్వబోయారు అబ్బా. "మీ దగ్గరే ఉంచుకోండి" అన్నాను. వినపడిందో లేదో తెలీదు. కుర్తా జేబులో వేసుకుని ఇషాకు వజూ చేయడానికి వెళ్లారు.