పళ్ళొచ్చే వయసులో దగ్గు: సిరప్ పోసే ముందు



ఈ న్యూస్‌లెటర్ స్కూలుకొచ్చే పిల్లల గురించే అయినా, మనలో చాలామంది ఇళ్ళలో వాళ్ళ వెనకాల ఇంకో చిన్నప్రాణం పాకుతూనో, తప్పటడుగులు వేస్తూనో ఉంటుంది. అక్క బడి నుంచి జలుబు తెస్తే రెండు మూడు రోజుల్లో తమ్ముడికీ ముక్కు కారుతుంది. పోయిన వానాకాలం మౌలాలిలో మా ఇంట్లో జరిగింది అదే. రెండో తరగతి చదివే మా పాప నుంచి పద్నాలుగు నెలల బాబుకి దగ్గు అంటుకుంది. సరిగ్గా అప్పుడే వాడికి దవడ పళ్ళు వస్తున్నాయి.

"పళ్ళొస్తున్నాయి కదమ్మా, జొల్లు, దగ్గు, జ్వరం అన్నీ మామూలే. అవే పోతాయి" అన్నారు మా అత్తయ్య. మెడికల్ షాపులో మాత్రం "పిల్లల దగ్గుకి ఇది బాగా పనిచేస్తుంది మేడమ్, పూటకో స్పూను పోయండి" అని ఒక సీసా కౌంటర్ మీద పెట్టారు. ఒకరు ఏమీ అక్కర్లేదన్నారు, ఇంకొకరు వెంటనే మందు పోయమన్నారు. మీ ఇంట్లోనూ ఈ రెండు మాటలూ వినపడే ఉంటాయి. అందుకే పిల్లల డాక్టరుగారి దగ్గర అడిగి తెలుసుకున్నవీ, ఆ తర్వాత చదివి తెలుసుకున్నవీ మీతో పంచుకుంటున్నాను.

మొదటి విషయం, పళ్ళకూ దగ్గుకూ ఉన్న సంబంధం చాలా తక్కువ. చిగుళ్ళు ఉబ్బుతాయి, జొల్లు కారుతుంది, చిరాకు పెరుగుతుంది. జొల్లు గొంతులోకి జారి అప్పుడప్పుడు కాస్త పొడి దగ్గు రావచ్చు. అంతేగాని 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, రాత్రంతా దగ్గు, విరేచనాలు పళ్ళ వల్ల రావు. మరి రెండూ కలిసే ఎందుకొస్తాయి? తల్లి నుంచి వచ్చిన రక్షణ ఆరు నెలల తర్వాత తగ్గుతుంది. పళ్ళు మొదలయ్యేదీ అప్పుడే. పైగా బిడ్డ ప్రతి వస్తువునూ నోట్లో పెట్టుకునే వయసు. "పళ్ళే కదా" అని సర్దిచెప్పుకుంటే అసలు జబ్బును చూడకుండా వదిలేస్తాం.

రెండో విషయం దగ్గు సిరప్. 2025 అక్టోబరు మీకు గుర్తుండే ఉంటుంది. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు మందు తాగిన చిన్నపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. మృతుల సంఖ్య ఇరవై దాటింది. తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో శ్రీసన్ ఫార్మా తయారుచేసిన కోల్డ్‌రిఫ్ సిరప్, ఎస్‌ఆర్-13 బ్యాచ్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం 48.6 శాతం ఉన్నట్టు పరీక్షలో తేలింది. అనుమతించిన పరిమితి 0.1 శాతం. మన తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ కూడా ఆ బ్యాచ్ వాడొద్దని ప్రజలను హెచ్చరించింది. 2022లో ఆఫ్రికాలోని గాంబియాలో దాదాపు 70 మంది పిల్లలు ఇలాంటి విషం కలిసిన సిరప్‌ల కారణంగానే పోయారని తేలింది. ఆ విషం తియ్యగా ఉంటుంది, రంగూ వాసనా ఉండవు. ఇంట్లో మనం దాన్ని కనిపెట్టలేం. మన చేతిలో ఉన్నది ఒక్కటే: అవసరం లేని సీసాను ఇంటికి తేకపోవడం.

చిన్నపిల్లలకు ఆ సీసా నిజంగానే అవసరం లేదు. రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయకూడదనీ ఇవ్వకూడదనీ, అయిదేళ్ళలోపు వాళ్ళకు కూడా మామూలుగా సిఫారసు చేయరనీ కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ 2025 అక్టోబరు 3న స్పష్టంగా చెప్పింది. అంతకు ముందే, 2023 డిసెంబరులో, క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందు నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడొద్దని లేబుల్ మీద ముద్రించమని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. జలుబు వల్ల వచ్చే దగ్గు చాలావరకు దానంతటదే తగ్గుతుంది. అందుకు రెండు వారాలు, ఒక్కోసారి మూడు వారాలు కూడా పట్టవచ్చు.

మా బాబుకి డాక్టరుగారు చెప్పినవి ఇవే: ముక్కులో సెలైన్ చుక్కలు, మాటిమాటికీ పాలు, గోరువెచ్చని నీళ్ళు, జ్వరం ఉంటేనే పారాసిటమాల్. ఏడాది దాటాడు కాబట్టి పడుకునే ముందు అర స్పూను తేనె నాకించవచ్చన్నారు. ఏడాదిలోపు బిడ్డకు తేనె అస్సలు పెట్టకూడదు. ఆ తర్వాత తొమ్మిది రాత్రులు వాడు దగ్గుతూనే ఉన్నాడు. మాకూ నిద్ర లేదు. ఏమీ పోయకుండా ఓపిక పట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. అత్తయ్య వాణ్ణి భుజాన వేసుకుని హాల్లో తిరిగిన రాత్రులే ఎక్కువ. పదో రోజుకి తగ్గింది.

మూడో విషయం కొలత. డాక్టరుగారు ముందు అడిగింది వయసు కాదు, బరువు. పారాసిటమాల్ మోతాదు బరువును బట్టి ఉంటుంది. ఒకే మందు షాపులో రకరకాల గాఢతల్లో దొరుకుతుంది. ఒక సిరప్ 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉంటే, ఇంకోదానిలో 250 ఉంటుంది. డ్రాప్స్‌లో ఒక్క మి.లీ.లోనే 100 ఉంటుంది, అంటే 5 మి.లీ. పోస్తే 500! అందుకే "ఒక స్పూను" అన్న మాట నమ్మకండి. ఏ సీసా, ఎన్ని మి.లీ., ఎన్ని గంటలకోసారి అన్నది చీటీ మీద రాయించుకోండి. వంటింటి స్పూను వద్దు, మందుతో వచ్చే సిరంజి గాని కొలత మూత గాని వాడండి. చాలా జలుబు సిరప్‌లలో కూడా పారాసిటమాల్ ఉంటుంది. అక్కకి రాసిన సిరప్ తమ్ముడికి పోసి, పైన జ్వరం మందు కూడా ఇస్తే మోతాదు రెట్టింపవుతుంది.

ఇంటి చిట్కాల్లోనూ జాగ్రత్త అవసరం. కర్పూరం నూనె ముక్కు దగ్గర రాయకండి. కర్పూరం కొంచెం కడుపులోకి పోయినా పసివాళ్ళకు ఫిట్స్ రావచ్చు. మరిగే నీళ్ళతో ఆవిరి పడితే ఒళ్ళు కాలే ప్రమాదం. చిగుళ్ళ నొప్పికి శుభ్రమైన వేలితో మర్దన, చల్లని తడిగుడ్డ చాలు. తిమ్మిరెక్కించే బెంజోకైన్ జెల్ రెండేళ్ళలోపు పిల్లలకు వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది.

ఓపిక పట్టమన్నాను గాని, ఎదురుచూడకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. బిడ్డ నిమ్మళంగా ఉన్నప్పుడు నిమిషంపాటు శ్వాస లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ళలోపు 40, ఆపైన ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. డొక్కలు లోపలికి పోతున్నా, పెదాలు నీలంగా మారినా, పాలు తాగలేకపోయినా, మూత్రం బాగా తగ్గినా అంతే. జలుబు లేకుండా ఆడుకుంటూ ఒక్కసారిగా దగ్గు మొదలైతే పల్లీ గింజో, బొమ్మ ముక్కో గొంతులో పడిందేమో అనుకోవాలి. ఊపిరి అందకపోతే 108కి ఫోన్ చేయండి.

ఈ రోజు ఒక పని చేయండి. మందుల డబ్బా తీసి, ఎప్పుడో తెరిచిన సీసాలన్నీ పక్కన పెట్టేయండి. బిడ్డ బరువు చూసి ఫ్రిజ్ మీద రాసి పెట్టండి. మందు కొంటే బిల్లు తీసుకోండి, బ్యాచ్ నంబరు చూడండి. ఏదైనా మందు మీద అనుమానం ఉంటే డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969. సాయంత్రం బడి నుంచి రాగానే పెద్దవాళ్ళ చేత సబ్బుతో చేతులు కడిగించాకే చిన్నవాణ్ణి ఎత్తుకోనివ్వండి.